షిల్లింగు టిక్కెట్టు మనిషి

థామస్ కుక్ అనే పేరు మనలో చాలామంది ఏదో ఒక బోర్డు మీద చదివే ఉంటారు. విదేశీ డబ్బు మార్చేచోటో, విమానం టిక్కెట్లు అమ్మేచోటో ఆ పేరు కనిపిస్తుంది. అంచేత అదొక కంపెనీ పేరు అనుకుంటామే గాని, ఆ పేరుతో ఒక మనిషి పుట్టి, కాలినడకన ఊళ్ళు తిరిగి, లక్షలమందిని రైలెక్కించి, చివరికి చూపు పోయి, కన్నకొడుక్కి ఎడమై కన్నుమూశాడని మనకు తట్టదు.

ఈ సంచికలో ఆయన గురించే రాయాలని ఎందుకు అనిపించిందో చెబుతాను. ఏటా విహారయాత్రల కాలం వచ్చేసరికి రైల్వే కన్సెషన్ ఫారాలు పట్టుకుని మన పిల్లలు ప్రిన్సిపాలుగారి గది ముందు నిలబడతారు. పదిమంది కలిసి వెళితే తలకి ఛార్జీ తగ్గాలి అనే మాట ఇవాళ మనకు హక్కులా వినిపిస్తుంది. అది ఒకప్పుడు బేరం. ఆ బేరాన్ని పట్టుదలగా సాగించి, దేశాల సరిహద్దులు దాటించి, ఆల్ప్స్ కొండల దాకా తీసుకుపోయినవాడు కుక్. మొదలుపెట్టేనాటికి ఆయనకు రైలింజను మాట అటుంచి, ఒక గుర్రపుబండి కూడా సొంతంగా లేదు. నేను ఈ కాలేజీలోనే చదివి, ఇక్కడే అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. అంచేత నాకు ఆయన కథలో ముందుగా కనిపించేది ఛార్జీ. మిగతాది తర్వాత.

ఆయన 1808 నవంబరు 22న ఇంగ్లండులోని డార్బీషైర్‌లో మెల్బోర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ కాదు. ఆ మహానగరానికి పేరిచ్చిన లార్డ్ మెల్బోర్న్ అనే ప్రధానమంత్రి బిరుదు ఈ పల్లెటూరి పేరే లెండి. కుక్ పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పదో ఏట బడి మానేసి తోటపనికి కుదిరాడు. కూలి రోజుకు ఒక పెన్నీ. ఆ రోజుల్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. పాఠకులు ఈ లెక్క గుర్తుంచుకోవాలని ప్రార్థన, ముందుముందు అవసరం వస్తుంది. పద్నాలుగో ఏట బంధువు ఒకాయన దగ్గర వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. తరిమెన పట్టి కుర్చీ కాళ్ళు, మంచం కోళ్ళు నునుపు తేల్చే పని అది.

చేతిలో పని ఉన్నా మనసు మాత్రం చర్చి వైపు ఉండేది. బాప్టిస్టు శాఖలో చేరి, 1828లో గ్రామ ప్రచారకుడుగా నియమితుడై ఊరూరా తిరగసాగాడు. 1829 ఒక్క సంవత్సరంలో 2,692 మైళ్ళు తిరిగాననీ, అందులో 2,106 మైళ్ళు కాలినడకేననీ లెక్క వేసి పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ మరుసటేడే మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసులో పల్లకీ ఎక్కి కాశీకి బయలుదేరారు. రైలు రాకముందు ప్రయాణమంటే ఇంగ్లండులోనైనా ఇక్కడైనా అంతే. డబ్బున్నవాడు మోయించుకునేవాడు, లేనివాడు నడిచేవాడు. ఎంత దూరం నడిచిందీ మైలు తప్పకుండా రాసుకున్నవాడికే ప్రయాణం ఖరీదు తెలుస్తుందని నేననుకుంటాను.

ప్రచారకుల జీతాలకు నిధులు చాలక ఆ ఉద్యోగం నిలవలేదు. 1833లో మేరియాన్ మేసన్ అనే రైతుబిడ్డను పెళ్ళాడి, మార్కెట్ హార్బరో అనే ఊళ్ళో వడ్రంగం దుకాణం పెట్టాడు. మర్నాటి ఏడాది జాన్ మేసన్ కుక్ పుట్టాడు. ఈ కుర్రవాడి పేరు గుర్తుంచుకోండి. పెళ్ళైన ఏడే కుక్ మద్యం ముట్టనని ఒట్టుపెట్టుకుని, మద్యపాన నిషేధోద్యమంలో మునిగిపోయాడు. పత్రికలు అచ్చువేయడం, సభలు పెట్టడం, మిల్లు కూలీలకూ మేజోళ్ళు అల్లేవాళ్ళకూ సారాయి దుకాణం తప్ప వేరే కాలక్షేపం ఏముందని తలపట్టుకోవడం, ఇదే ఆయన ధ్యాస.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. 1841 జూన్‌లో లెస్టర్‌లో జరిగే మద్యనిషేధ సభకు కుక్ ఇంటి నుంచి సుమారు పదిహేను మైళ్ళు నడిచి వెళుతున్నాడు. లెస్టర్ నుంచి లఫ్‌బరో వైపు రైలు దారి వచ్చి అప్పటికి ఏడాదే అయింది. దారిలో ఆయనకో ఆలోచన తట్టింది. వచ్చే నెలలో లఫ్‌బరోలో పెద్ద సభ ఉంది. జనం అంతా ఒకే రైల్లో వెళితే? సభలో మాట చెప్పాడు, అందరూ సరేనన్నారు. రైల్వే కంపెనీ దగ్గరికి వెళ్ళి బేరమాడాడు. 1841 జూలై 5న సుమారు 500 మంది లెస్టర్ నుంచి పదకొండు మైళ్ళ దూరంలోని లఫ్‌బరోకి, పైకప్పు లేని పెట్టెల్లో నిలబడీ కూర్చునీ వెళ్ళి, బ్యాండు మేళంతో ఊరేగి, ఉపన్యాసాలు విని, టీ తాగి, రాత్రికి ఇల్లు చేరారు. రానూపోనూ ఛార్జీ తలకి ఒక షిల్లింగు.

లోకంలో మొట్టమొదటి విహార రైలు ఇదేనని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. కార్మికుల విద్యాసంఘాల వాళ్ళు అంతకుముందే ఇలాంటి రైళ్ళు నడిపించారు. కుక్ గొప్పతనం మొదట చేయడంలో లేదు, చేసినదాన్ని ఆపకపోవడంలో ఉంది. ఆయన పట్టుకున్న సూత్రం చాలా చిన్నది. రైలు పట్టాలు వేయడానికీ, ఇంజను కొనడానికీ, మనుషులకు జీతాలివ్వడానికీ అయ్యే ఖర్చు రైలు నిండుగా వెళ్ళినా ఖాళీగా వెళ్ళినా ఒకటే. ఖాళీగా పోయే పెట్టెలో అదనంగా ఒక మనిషి ఎక్కితే కంపెనీకి పడే అదనపు ఖర్చు దాదాపు శూన్యం. అంచేత ఇంతమందిని తప్పకుండా తెస్తానని ముందే పూచీపడేవాడు ఒకడుంటే కంపెనీ ఛార్జీని సగానికి, ఇంకా కిందికి కూడా తగ్గించగలదు. మా క్లాసులో దీన్ని చెప్పడానికి రెండు వారాలు, మూడు బొమ్మలు కావాలి. బడి మానేసిన వడ్రంగికి ఇది నడుస్తుండగా బోధపడింది.

తర్వాత మూడు నాలుగేళ్ళు లాభాపేక్ష లేకుండా సభలకూ, ఆదివారపు బడి పిల్లలకూ రైళ్ళు ఏర్పాటు చేశాడు. లెస్టర్‌కి మకాం మార్చి అచ్చాఫీసు పెట్టుకున్నాడు. 1845లో లివర్‌పూల్ యాత్రతో ఇది వ్యాపారమైంది. మొదటి తరగతి 14 షిల్లింగులు, రెండో తరగతి 10. బయలుదేరే ముందు తానొక్కడే ఆ దారంతా వెళ్ళి, బసలు చూసి, చూడదగ్గ చోట్లు రాసి, చిన్న పుస్తకం అచ్చువేసి యాత్రికుల చేతిలో పెట్టాడు. టిక్కెట్లు ఎంత గిరాకీగా పోయాయంటే, కొన్నవాళ్ళు రెట్టింపు ధరకు మళ్ళీ అమ్ముకున్నారు. బ్లాకు టిక్కెట్టు మన సినిమా హాళ్ళ దగ్గర పుట్టిందనుకునేవారు ఈ విషయం గమనించాలి.

1846లో స్కాట్లండు యాత్ర. సుమారు 350 మంది. రైల్లో మరుగుదొడ్డి లేదు, ఇస్తానన్న టీ దొరకలేదు, ఓడలో చాలినన్ని గదులు లేక జనం రాత్రంతా డెక్కు మీద తడిశారు. గ్లాస్గోలో మాత్రం ఫిరంగులు పేల్చి, బ్యాండు వాయించి స్వాగతమిచ్చారు. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళు మురిసిపోయి వచ్చారు కాబోలు, స్కాట్లండు యాత్రలు ఏటేటా సాగాయి. 1851లో లండన్‌లో స్ఫటిక భవనంలో జరిగిన మహా ప్రదర్శనకు కుక్ దాదాపు లక్షన్నర మందిని తీసుకువెళ్ళాడు. కూలీలు వారం వారం కొంత కొంత కట్టుకునే పొదుపు సంఘాలు పెట్టించాడు. రైల్వే కంపెనీల మధ్య పోటీ ముదిరి, యార్క్‌షైర్ నుంచి లండన్‌కి రానూపోనూ ఛార్జీ 15 షిల్లింగుల నుంచి 5 షిల్లింగులకు దిగింది. సొంత ఊరి గడియారపు స్తంభం తప్ప వేరేది చూడని మనుషులు ఆ ఏడు లండన్ చూశారు.

ఇంతవరకూ అంతా ఒకే దేశం, ఒకే భాష, ఒకే నాణెం. సముద్రం దాటితే లెక్క వేరు. ఫ్రాన్సులో ఒక రైల్వే, బెల్జియంలో ఒకటి, జర్మనీ అనే ఒక్క దేశమే ఇంకా ఏర్పడలేదు, అక్కడ సంస్థానానికొక రైల్వే. ప్రతి సరిహద్దు దగ్గరా దిగాలి, సామాను విప్పి చూపించాలి, కొత్త డబ్బు మార్చుకోవాలి, రాని భాషలో కొత్త టిక్కెట్టు అడగాలి. పరిచారకుణ్ణీ, దుబాసీనీ వెంట తీసుకుపోగల ప్రభువు బిడ్డకే అది సాధ్యం. సామాన్య గుమాస్తాకు డబ్బు ఒక్కటే కాదు అడ్డు, బెరుకు కూడా.

1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా కుక్ మొదటిసారి ఖండాంతర యాత్రకు పూనుకున్నాడు. ఇంగ్లీషు ఛానల్ మీద దగ్గరి దారి ఓడలు నడిపే కంపెనీలు తగ్గింపు ఇవ్వలేదు. ఆయన చుట్టుతిరుగుడు దారి పట్టాడు. హారిచ్‌లో ఓడెక్కి ఆంట్‌వెర్ప్, అక్కణ్ణుంచి బ్రస్సెల్స్, కొలోన్, రైన్ నది వెంబడి పైకి, హైడెల్‌బర్గ్, బాడెన్‌బాడెన్, స్ట్రాస్‌బర్గ్, చివరికి పారిస్. అందం చూస్తే గొప్ప దారి. డబ్బు చూస్తే నష్టం. 1861లో 1,600 మందికి పైగా కార్మికుల్ని పారిస్ తీసుకువెళ్ళాడు. దానిమీద కూడా వంద పౌన్లకు పైగా పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత స్కాట్లండు రైల్వే కంపెనీలు ఈ వ్యాపారం మేమే చేసుకుంటామని ఆయనకు టిక్కెట్లు ఇవ్వడం మానేశాయి. యాభై నాలుగేళ్ళ వయస్సులో ఆయనకు సొంత దేశంలో దారి మూసుకుపోయింది. స్విట్జర్లండు మీద దృష్టి అలా మళ్ళింది. దూరదృష్టి అని పొగిడేవాళ్ళున్నారు గాని, నా ఉద్దేశంలో దానికి అవసరమే ఎక్కువ కారణం.

1863 జూన్ 26న లండన్ నుంచి బయలుదేరిన ఆ మొదటి స్విస్ యాత్ర వివరాలు మనకు తెలియడానికి ఒక చిత్రమైన కారణముంది. అందులో యార్క్‌షైర్‌లోని సెల్బీ నుంచి వచ్చిన జెమైమా మారెల్ అనే యువతి ఉంది. ఆమె రాసుకున్న దినచర్య పుస్తకం రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడిన లండన్ శిథిలాల్లో దొరికి, యాత్ర జరిగిన నూరేళ్ళకు, 1963లో అచ్చయింది. న్యూహేవెన్ నుంచి ఓడ మీద డియెప్, అక్కణ్ణుంచి రైల్లో పారిస్, మళ్ళీ రైల్లో జెనీవా. ఫ్రాన్సు నుంచి జెనీవాకి రైలు వచ్చి అప్పటికి ఐదేళ్ళే. ఆపైన కొండల్లో రైలు లేదు. గుర్రపుబండ్లలోనూ, కంచరగాడిదల మీదా, ఎక్కువ భాగం కాలినడకనా షామొనీ హిమానీనదం చూసి, రోన్ లోయలోకి దిగి, గెమ్మీ కనుమ దాటి, ఇంటర్‌లాకెన్, గ్రిండెల్‌వాల్డ్, లూసర్న్ చూసి, రిగి కొండ ఎక్కి సూర్యోదయం చూశారు. అది కూడా ఆనాటి ఆడవాళ్ళ నేల జీరాడే గౌన్లతో! తెల్లవారుజామున నాలుగింటికే లేచి నడక సాగించిన రోజులున్నాయి. మూడు వారాల యాత్రకు తలకి అయిన ఖర్చు ఇరవై పౌన్ల లోపే.

కుక్ ఇక్కడ చేసిన పని చూడడానికి చిన్నది, ఫలితంలో పెద్దది. దారిలో ఉన్న ప్రతి రైల్వే కంపెనీతో, ప్రతి ఓడ కంపెనీతో ముందే ఒప్పందం చేసుకుని, బయలుదేరిన చోటికే తిరిగివచ్చే చక్రయాత్ర టిక్కెట్టు తయారుచేశాడు. అదొక కూపన్ల పుస్తకం. ఒక్కో మజిలీకి ఒక్కో చీటీ. ఎవరి రైలు ఎక్కితే వాళ్ళు తమ చీటీ చింపుకుంటారు, తర్వాత కుక్ దగ్గర లెక్క తేల్చుకుంటారు. యాత్రికుడు లండన్‌లో పౌన్లలో ఒక్కసారి కట్టేస్తే చాలు. గుంపుతోనే వెళ్ళాలని కూడా లేదు, ఆ పుస్తకం జేబులో ఉంటే ఒంటరిగానూ వెళ్ళవచ్చు. 1868 నుంచి హోటళ్ళకూ ఇదే పద్ధతి. గదికి, భోజనానికి కూపన్లు. రాని భాషలో బేరమాడాల్సిన పని తప్పింది. ఒంటరి ఆడవాళ్ళు, పంతుళ్ళు, పంతులమ్మలు, దుకాణాల గుమాస్తాలు ఆల్ప్స్ చూడగలిగారంటే ఈ చీటీల వల్లనే.

పెద్దమనుషులకు ఇది నచ్చలేదు. ఇటలీలో బ్రిటిష్ రాయబార ఉద్యోగం చేస్తూ నవలలు రాసే చార్లెస్ లీవర్ 1865లో ఒక పత్రికలో మారుపేరుతో కుక్ యాత్రికుల్ని ఎద్దేవా చేశాడు. ఆస్ట్రేలియా వాళ్ళు వద్దన్న ఖైదీల్ని కుక్ ఇటలీలో వదులుతున్నాడని వ్యంగ్యంగా వదంతి పుట్టించాడు. రైల్లో వెళ్ళే మనిషి పార్శిలుతో సమానమని రస్కిన్ వంటి మేధావి కూడా ఈసడించాడు. కుక్ ఊరుకోలేదు. కొండలూ సరస్సులూ ఏ కొద్దిమందికో రాసిచ్చిన ఆస్తి కావని, కూలివాడు చూసినంత మాత్రాన అవి మాసిపోవని గట్టిగా జవాబు రాశాడు. ఈ తగవులో నేను కుక్ పక్షమే. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. చూసేవాళ్ళు పెరిగితే చూసే చోటు మారకుండా ఉండదు. 1871లో అదే రిగి కొండకు పళ్ళచక్రపు రైలు వచ్చింది. జెమైమా బృందం కష్టపడి ఎక్కిన దారి ఆ తర్వాత గంటన్నర కూర్చుంటే అయిపోయేది. అది లాభమో నష్టమో ఎక్కినవాడే చెప్పాలి.

1864లో ఇటలీ యాత్రలు మొదలయ్యాయి. మాంట్ సెని కనుమ మీదుగా బండ్లలో దాటేవాళ్ళు. ఆ తర్వాత ఆల్ప్స్‌ని రైలు ఒక్కొక్కచోట ఛేదించుకుంటూ వచ్చింది. 1867లో బ్రెన్నర్ కనుమ దారి, 1871లో ఫ్రాన్సు ఇటలీల మధ్య దాదాపు 13 కిలోమీటర్ల సొరంగం, 1882లో 15 కిలోమీటర్ల గాథార్డ్ సొరంగం. గాథార్డ్ తవ్వకంలో దాదాపు 200 మంది కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చౌక టిక్కెట్టు గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా పక్కనే రాసుకోవాలి. దారులు పెరిగినకొద్దీ ఏ రైలు ఎప్పుడు, ఎక్కడ మారాలి అన్నది బ్రహ్మవిద్య అయింది. 1873లో కుక్ సంస్థ యూరపు రైళ్ళన్నిటి వేళల్నీ కలిపి ఒక టైంటేబుల్ పుస్తకం వేసింది. 2013 దాకా ఆ సంస్థ దాన్ని వెలువరించింది. ఆపేశాక, దానిలో పనిచేసినవాళ్ళే పూనుకుని 2014 నుంచి సొంతంగా వేస్తున్నారు.

1872 సెప్టెంబరులో, అరవై నాలుగేళ్ళు నిండబోతూ, కుక్ ఒక చిన్న బృందంతో భూప్రదక్షిణానికి బయలుదేరాడు. అమెరికా, జపాను, చైనా, సింహళం మీదుగా మన దేశానికి వచ్చి, గంగామైదానంలోని నగరాలు రైల్లో చూసుకుంటూ బొంబాయి చేరి ఓడెక్కాడు. దారిలో లండన్ టైమ్స్ పత్రికకు లేఖలు రాశాడు. మొత్తం 222 రోజులు. ఆయన దారిలో ఉన్న రోజుల్లోనే పారిస్‌లో జూల్స్ వెర్న్ ఎనభై రోజుల భూప్రదక్షిణం నవల ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. నవలలోని మనిషి పందెం కోసం తిరిగాడు. కుక్ మాత్రం ప్రతి ఓడరేవులోనూ టిక్కెట్టు ధరలు కనుక్కుంటూ తిరిగాడు. 1874లో విదేశాల్లో డబ్బుగా మార్చుకోగల చీటీలు కూడా ఆయన సంస్థ అమ్మింది. ట్రావెలర్స్ చెక్కుకి అది పూర్వరూపం.

ఇక ఇంటి సంగతి. కొడుకు జాన్ 1865లో లండన్ ఆఫీసు చేతికి తీసుకున్నాడు. 1871లో సంస్థ పేరు థామస్ కుక్ అండ్ సన్ అయింది. పైకి చక్కగానే ఉంది. లోపల ఇద్దరికీ పొసగలేదు. తండ్రికి ఇది ఒక ఉద్యమం. తాగుడు మానిన మనిషికి ప్రపంచం చూపించాలి, దారిలో కనిపించిన మిషన్‌కి సంస్థ డబ్బులోంచి విరాళమివ్వాలి, యాత్రికులతో తానే కబుర్లు చెబుతూ నడవాలి. కొడుక్కి ఇది వ్యాపారం. ప్రతి పౌనుకూ లెక్కుండాలి, మతం ఇంట్లో ఉండాలి. చిన్నతనంలో తండ్రి యాత్రల్లో తిరిగి తిరిగి అలసిపోయిన కుర్రవాడు కాబోలు, పెద్దయ్యాక కనికరం లేకుండా పనిచేసే మనిషయ్యాడు. 1878-79 ప్రాంతంలో తండ్రి పక్కకు తప్పుకోవలసి వచ్చింది. సంవత్సరానికి ఇంత అని భరణం, అంతే.

చాలామంది జీవితచరిత్రకారులు ఈ తగవులో ఎవరో ఒకరిని దుష్టుణ్ణి చేస్తారు. నాకలా తోచదు. తండ్రి ఒక్కడే ఉంటే ఆ కూపన్ల పుస్తకం నాలుగు నష్టాల యాత్రలతో ఆగిపోయేది. 1855, 1861 లెక్కలు చూశాం కదా. ప్రతి రైల్వే కంపెనీకీ సకాలంలో బాకీ తీర్చే సంస్థ వెనక ఉంటేనే సరిహద్దు అవతలి గార్డు ఆ చీటీని నమ్ముతాడు. ఆ నమ్మకం కొడుకు కట్టినది. కాని కొడుకు కట్టిన ఇంట్లోకి ఎవరొచ్చారో కూడా చూడాలి. ఈజిప్టులో నైలు నది మీద ధనికుల పడవలు, 1884లో సూడాన్‌కి బ్రిటిష్ సేనల రవాణా, చివరికి 1898లో జర్మనీ చక్రవర్తి కైజర్ విల్హెల్మ్ పాలస్తీనా యాత్ర. ఆ యాత్ర ఏర్పాట్లలో తగులుకున్న జబ్బుతోనే జాన్ 1899లో చనిపోయాడు. షిల్లింగు టిక్కెట్టుతో మొదలైనది చక్రవర్తి దగ్గర తేలింది.

తండ్రి చివరి రోజులు చదివితే మనసు కష్టపడుతుంది. లెస్టర్‌లో థార్న్‌క్రాఫ్ట్ అనే ఇల్లు కట్టుకున్నాడు. 1880లో కూతురు యానీ ఆ ఇంట్లోనే స్నానాలగదిలో నీళ్ళు కాచే గ్యాసు పొయ్యి పొగకు ఊపిరాడక చనిపోయింది. 1884లో భార్య పోయింది. మెల్లమెల్లగా చూపు పోయింది. లక్షలమందికి కొండలు చూపించిన మనిషికి చివరికి ఇంటి గోడ కనిపించలేదు. 1891లో సంస్థ స్వర్ణోత్సవం లండన్‌లో ఘనంగా జరిగింది. స్థాపకుడు ఆ సభలో లేడు. ఆ రోజుల్లోనే పుట్టిన ఊరు మెల్బోర్న్‌లో పేద వృద్ధుల కోసం పద్నాలుగు చిన్న ఇళ్ళు కట్టించి ఇచ్చాడు. 1892 జూలై 18న లెస్టర్‌లో కన్నుమూశాడు.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1928లో మనుమలు సంస్థను వాగన్ లీ అనే కంపెనీకి అమ్మేశారు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వంటి విలాసపు నిద్రరైళ్ళు నడిపే కంపెనీ అది. 1948లో బ్రిటిష్ ప్రభుత్వం చేతిలోకి, 1972లో తిరిగి ప్రైవేటు చేతుల్లోకి వచ్చింది. 2019 సెప్టెంబరు 23న అప్పుల భారంతో కూలిపోయినప్పుడు, విదేశాల్లో చిక్కుకున్న లక్షన్నర మందికి పైగా బ్రిటిష్ యాత్రికుల్ని ప్రభుత్వమే విమానాల్లో వెనక్కి తెచ్చింది. 1851లో కుక్ లండన్‌కి తెచ్చిన జనం కూడా దాదాపు అంతే. ఆ విమానాల ఏర్పాటుకి పెట్టిన పేరు మాటర్‌హార్న్, ఆల్ప్స్‌లోని ఒక శిఖరం. మన దేశంలో ఆ పేరుతో నడుస్తున్న కంపెనీ 2012లోనే వేరు యాజమాన్యానికి వెళ్ళిపోయినందువల్ల దానికి ఈ దెబ్బ తగల్లేదు.

కూపన్ల పుస్తకం మాత్రం వేరే రూపంలో బతికింది. యూరపు బయటివాళ్ళ కోసం 1959లో యూరైల్ పాసు, యూరపు కుర్రకారు కోసం 1972లో ఇంటర్‌రైల్ పాసు వచ్చాయి. ఇంటర్‌రైల్ మొదట్లో ఇరవై ఒక్క ఏళ్ళ లోపువాళ్ళకే. 27 పౌన్ల 50 పెన్సుకు నెలరోజులు, 21 దేశాలు. ఇప్పుడు అన్ని వయసుల వాళ్ళకూ ఇస్తారు, 27 ఏళ్ళ దాకా తగ్గింపు ధర. జర్మనీలోనో ఫ్రాన్సులోనో నివాస అనుమతితో చదువుకుంటున్న మన పిల్లలకు యూరైల్ కాదు, ఇంటర్‌రైలే వర్తిస్తుంది. ఇది తెలియక ఇక్కణ్ణుంచి వెళ్ళిన చాలామంది తికమకపడుతుంటారు.

మా అమ్మాయి అక్కడ చదివే రోజుల్లో నేనూ ఒకసారి వెళ్ళాను. మూడు దేశాలు దాటే దారికి ఒక్క టిక్కెట్టు కావాలంటే దొరకడం ఇవాళ మళ్ళీ కష్టమైపోయింది. ఒకే రైలుకి సరిహద్దు ఇవతలి రైల్వే ఒక ధర, అవతలి రైల్వే ఇంకో ధర చెబుతుంది. రెండూ చూసి తక్కువది కొనాలి, నెలా రెండు నెలల ముందు కొనాలి. 1863లో కుక్ తీర్చిన చిక్కే ఇది. మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఒక సాయంత్రమంతా ఈ లెక్కలే వేసింది. స్విట్జర్లండులోని ఖూర్ నుంచి ఇటలీలోని టిరానోకి బెర్నీనా కనుమ మీదుగా 1910 నుంచి ఒక చిన్న రైలు దారి ఉంది. 2,253 మీటర్ల ఎత్తు ఎక్కి దిగుతుంది. పెద్ద అద్దాల ప్రత్యేక రైలు ఉంది, దానికి టిక్కెట్టు మీద రిజర్వేషను డబ్బు వేరే కట్టాలి. అవే పట్టాల మీద, అవే వంతెనల మీద మామూలు రైళ్ళూ వెళతాయి. దారిలో ఒకసారి మారాలి, అంతే. మేం మామూలు రైలే ఎక్కాం. ఎదుటి బెంచీ మీద ఒక ముసలామె కూరగాయల సంచీతో కూర్చుంది. మంచుగడ్డల పక్కనుంచి పోతున్నంతసేపూ ఆమె అల్లిక పని చేసుకుంటూ, కిటికీ వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. బ్రూసియోలో రైలు రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి తన కిందనుంచి తానే దూరి పోతుంటే మేం కిటికీకి అతుక్కుపోయాం. టిరానోలో రైలు ఊరి రోడ్డు మీదనే, చర్చి ముందునుంచే నడిచింది. స్టేషనులో దిగి ఇటలీలోకి నడిచాం. పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అడగలేదు.